ఆశ్రయ గృహం అంటే ఏమిటి?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



దెబ్బలు తిని ఇల్లు విడిచి వచ్చిన ఆడబిడ్డను మనం మొదట అడిగే మాట "ఎందుకొచ్చావమ్మా?" అని. తర్వాత నలుగురు పెద్దలం కూర్చుని, సర్దిచెప్పి పంపించేస్తాం. రెండోసారి దెబ్బలు తిన్నాక ఆ పిల్ల మన గడప తొక్కదు. మరి ఎక్కడికి పోవాలి? అది చెప్పాలనే ఈ పూట నిలబడ్డాను.

గుంటూరుకు ఇది కొత్త సంగతేమీ కాదు. 1922లోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఇక్కడ శారదా నికేతనం పెట్టి ఆడవారికి చదువు, చేతిపని నేర్పించారు.

2005లో చేసిన గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. అన్ని మతాల వారికీ ఒకటే. కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టి అవమానించడం, సంపాదన లాక్కోవడం కూడా హింసేనంటుంది చట్టం. పొద్దంతా పత్తి తీసి, మిరపకాయలు కోసి తెచ్చిన కూలి మందు దుకాణం పాలైతే, దాన్ని హింస అని మనలో ఎంతమందిమి అనుకుంటాం?

ఫిర్యాదు పెట్టలేదనే సాకుతో ఆశ్రయ గృహం వారు ఆమెను కాదనకూడదు. ఆమె కోరితే, అక్కడుందన్న మాట భర్తకు చెప్పకూడదు. ఈ రెండూ నియమాల్లో రాసి ఉన్నవే. 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. సఖి కేంద్రంలో 5 రోజుల దాకా ఉండొచ్చు. ఇంకా ఎక్కువ కాలం కావాలంటే శక్తి సదన్ ఉంది, మునుపు స్వధార్ అనేవారు. పిల్లల్నీ తీసుకుపోవచ్చు గానీ మగపిల్లలకు వయసు పరిమితి ఉంటుంది, ముందే అడగండి. తిండి, బట్ట, మందులు, చేతిపని, అన్నీ అక్కడే చూస్తారు. నన్నడిగితే మొదటి రోజుల్లో ఆమెకు కావలసింది ఉపన్యాసం కాదు, భయం లేని నిద్ర.

కోర్టుకు పోవాలంటే ఆడవారికి ప్రభుత్వమే ఉచితంగా లాయరును ఇస్తుంది, ఆదాయంతో పని లేదు. బయటికి వచ్చినంత మాత్రాన కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు పోదు. తలాక్ అయినవారికి బాకీ ఉన్న మెహర్, పెళ్లినాడు పెట్టిన సొమ్ములు తిరిగి రావాలని 1986 చట్టంలోనే ఉంది.

పెద్దలకు ఒక్క మనవి. రాజీ పేరుతో భర్తను వెంటబెట్టుకుని ఆ గృహం గుమ్మం ముందుకు పోకండి. రాజీ ఆమె అడిగితే చేద్దాం, అదీ ఆమె చెప్పిన చోట. తల్లులారా, మీ అమ్మాయి నిఖానామా, ఆధారు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, వీటి నకళ్లు ఒక జత మీ ఇంట్లోనే ఉంచుకోండి.