గ్రామసభే మన వాతావరణ బడి

(సంఘం శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం)



వానలు అదను తప్పుతున్నాయని మనకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. పంట వాడిపోయేదాకా చినుకు ఉండదు. వస్తే నెల వాన ఒక్క రోజే కుమ్మరిస్తుంది. మరి బడిలో మన పిల్లలకు చెప్పేదేమిటి? మొక్కలు నాటండి, ప్లాస్టిక్ వాడకండి అని. మంచిదే. కానీ ఊరి నీళ్లు ఎవరు ఎంత తోడుతున్నారు, ఎంత తోడాలో ఎవరు తేల్చాలి అన్న పాఠం ఎక్కడుంది? అది మనమే నేర్చుకోవాలి, గ్రామసభలో నేర్చుకోవాలి.

ఇది కొత్త మాట కాదు. 2003 తర్వాత కొన్నేళ్లపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో రైతులే నడిపిన భూగర్భజల పథకం ఒకటి సాగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది. రైతులే వాన కొలిచారు, బావుల్లో, బోర్లలో నీటిమట్టం కొలిచారు. లెక్కలు ఊళ్లో బోర్డు మీద రాశారు. రబీకి ముందు అందరూ కూర్చుని, ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని చూసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ ఆదేశించలేదు. సబ్సిడీ ఆశ చూపలేదు. అయినా చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు.

ఆ లెక్క కష్టమేమీ కాదు. ఎకరంలో 1 మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే ఎకరానికి 48 లక్షల లీటర్లు. వేరుశనగకు అందులో దాదాపు సగం చాలు. ఈ గుణకారం బడి పిల్లలు కూడా చేయగలరు.

వాల్టా చట్టం 2002లోనే వచ్చింది. బోర్ల పోటీ మాత్రం ఆగలేదు. ఎందుకంటే ఒక్కడు తగ్గించుకుంటే ఆ నీరు పక్క బోరు లాగేస్తుంది. ఇది ఒక్కరి మంచితనంతో అయ్యే పని కాదు, ఊరంతా కలిసి తేల్చుకోవలసిన పని. ప్రజాస్వామ్యం అంటే ఇదే. రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో వ్యవసాయం, నీటి యాజమాన్యం, బడి చదువు మూడూ ఉన్నాయి. ఇవి పంచాయతీకి అప్పగించదగిన పనులే.

అయితే సభలో ఎవరు కూర్చుంటారన్నది ముఖ్యం. లోతు బోరున్న నలుగురే మాట్లాడితే అది ఊరి నిర్ణయం కాదు. కౌలు రైతు, కూలీ, బిందె మోసే ఆడపడుచు మాట కూడా తీర్మానంలోకి ఎక్కాలి.

ప్రభుత్వం కూడా తప్పించుకోకూడదు. కొనేది వరి మాత్రమే అయితే, వరి తగ్గించమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కందులు, వేరుశనగ, చిరుధాన్యాలు మద్దతు ధరకు ఊళ్లోనే కొనాలి. అప్పుడే నీటి లెక్కకు విలువ.

కనుక ఈ రబీకి ముందు ప్రతి గ్రామ శాఖ మూడు పనులు చేయాలి. ఊళ్లో వానమాపకం పెట్టించి, రోజువారీ లెక్క బడి పిల్లల చేత రాయించాలి. రెండు మూడు బోర్లలో 15 రోజులకోసారి నీటిమట్టం కొలవాలి. ఆ లెక్కలు గ్రామసభ ముందుంచి, పంటల మీద, కొనుగోళ్ల మీద తీర్మానం చేసి పై అధికారులకు పంపాలి.

లెక్క మన చేతిలో ఉంటే ఏ అధికారి ముందైనా నిలబడి అడగగలం. ఆ ధైర్యం మన పిల్లలు చిన్నప్పుడే నేర్చుకోవాలి.