మేడ మీద గులాబీ

చలికాలం రాత్రి పది గంటలకు నిజాంపేటలో ఏ అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కినా, కనిపించే చుక్కల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దక్షిణాన హైటెక్ సిటీ వెలుగు ఆకాశానికి సున్నం కొట్టినట్టుంటుంది. అలాంటి మేడ మీద, వాటర్ ట్యాంకు పక్కన, ముక్కాలి స్టాండుపై ఒక చిన్న దుర్భిణి. దానికి బిగించిన కెమెరా సుమారు 5,000 కాంతి సంవత్సరాల అవతలి రోసెట్ నెబ్యులాను ఫొటో తీస్తుంటుంది. గులాబీలా విచ్చుకున్న ఆ వాయుమేఘం వెడల్పు ఆకాశంలో నిండు చందమామకు రెండింతలు పైనే. అయినా కంటికి ఆనదు.

నక్షత్రాల ఫొటో హైదరాబాద్ నగరానికి కొత్త కాదు. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత దుర్భిణి పెట్టించాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేపట్టి, తర్వాత బేగంపేటకు మార్చింది. అదే నిజామియా వేధశాల. ఆకాశమంతటినీ గాజు పలకల మీద ఫొటో తీయాలని 1887లో పారిస్‌లో తలపెట్టిన ప్రణాళికలో, చిలీలోని శాంటియాగో వదిలేసిన వాటాను హైదరాబాద్ పూర్తిచేసింది. తర్వాత బేగంపేటలో దీపాలు పెరిగాయి. కొత్త 48 అంగుళాల దుర్భిణి 1968లో జపాల్-రంగాపూర్‌లో మొదలైంది, నగరానికి బాగా దూరంగా.

శాస్త్రజ్ఞులు తప్పుకున్న ఆ వెలుగులోనే ఔత్సాహికులు ఇప్పుడు పని కానిస్తున్నారు. ఆధారం ఒక గాజు బిళ్ల. నెబ్యులాలోని హైడ్రోజన్ 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా, ఆక్సిజన్ 500.7 దగ్గర నీలిపచ్చగా మెరుస్తాయి. నారోబ్యాండ్ ఫిల్టర్ ఆ సన్నని పట్టీనే లోపలికి రానిస్తుంది. ఎల్‌ఈడీ వెలుగు చాలావరకు గడప దగ్గరే ఆగిపోతుంది.

చిక్కు వేరేచోట ఉంది. ఆకాశం గంటకు 15 డిగ్రీలు జరుగుతుంది. దుర్భిణిని మోసే మౌంటు ఆకాశంతోపాటే తిరగాలంటే, మౌంటు ఇరుసును ధ్రువం వైపు గురిపెట్టాలి. నిజాంపేటలో ధ్రువనక్షత్రం ఎత్తు పదిహేడున్నర డిగ్రీలే. ఉత్తరాన ఓ టవర్ లేస్తే సరి, మరి కనిపించదు! అప్పుడు ధ్రువం ఎక్కడుందో పక్క చుక్కల ఫొటోలతో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టాల్సిందే.

ఒక్కో ఫొటో అయిదు నిమిషాలు. అలాంటివి వంద తీసి కలిపితే, బొమ్మలోని గరగర పదో వంతుకు తగ్గుతుంది. కింద అమెరికా వాళ్లతో కాల్ నడుస్తున్నా పైన కెమెరా తన పని తాను చేసుకుపోతుంది. ఆరేసిన బట్టల కోసం ఎవరైనా వచ్చి నాలుగడుగులు వేశారా, ఆ ఫ్రేము పోయినట్టే.

కాలక్షేపం అనుకోవచ్చు. కానీ ఆండ్రోమెడా గెలాక్సీ పక్కన ఎవరూ గుర్తించని ఆక్సిజన్ చాపాన్ని 2022లో పట్టుకున్నది స్ట్రాట్నర్, డ్రెక్స్‌లర్, శాంటీ అనే ఔత్సాహికుల జట్టు, నాలుగంగుళాల దుర్భిణితో, ఇదే తరహా ఫిల్టర్‌తో.

ఈ ఫిల్టర్ బిళ్ల ఓడిపోయేది పిల్లలకోడి అనే చుక్కల గుంపు దగ్గర. ఆ చుక్కల చుట్టూ ఉన్న నీలి పొగ సొంతంగా వెలగదు. నక్షత్రకాంతినే ధూళి చిమ్ముతుంది. అందులో అన్ని రంగులూ ఉంటాయి కనక వడగట్టడం కుదరదు. అందుకే అమావాస్య దగ్గరి శనివారం సాయంత్రం మౌంటు, బ్యాటరీ, రెండు దుప్పట్లు, ఫ్లాస్కులో టీ డిక్కీలో సర్దుకుని, బండి వికారాబాద్ దారిన అనంతగిరి గుట్టల వైపు బయల్దేరుతుంది.