కల్పిత పాత్రకు పట్టాదారు ఎవరు?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. పట్టా యెవరిది, హద్దులేవి అని అడుగుట నా వృత్తి. కావ్యములు గురుముఖమున గాక ఈ గ్రంథాలయపు బల్లమీదనే చదువుకొంటిని. ఈ రెండును కలిసిన చిక్కు నొకదానిని మన యువకులు తెచ్చిరి. బారిష్టరు పార్వతీశమును హైదరాబాదు పాతబస్తీలో త్రిప్పుచు వారొక క్రొత్త కథ వ్రాసిరి. దానిని అచ్చువేసి అమ్మి, ఆ సొమ్ముతో మనకు బీరువాలు కొనవలెనని వారి కోరిక. కోరిక మంచిదే. కాని పార్వతీశము ఎవరి సొత్తు?

పాతబస్తీలో చార్మినారు నీడన భాగమతి కథ చెప్పుకొననివారు అరుదు. ఆమె నిజముగ నుండెనా యని చరిత్రకారులకు నేటికిని వివాదమే. ఆ కథ చెప్పుటకు ఎవరి యనుమతియు వలదు. ఆ నగరము 1591లో వెలయక మునుపే, ఇబ్రహీం కుతుబ్‌షా గోలకొండ నేలు కాలమున, పొన్నికంటి తెలగనార్యుడు భారతములోని యయాతిని గైకొని అచ్చతెనుగు కావ్యము రచించెను. ఇట్టి పాత్రలు ఊరి గైరాను వంటివి. ఎవరి పశువైనను మేయవచ్చును.

పార్వతీశము అట్లు కాదు. అది ఒకరు దున్ని పండించిన పట్టా భూమి. 1957 నాటి కాపీరైటు చట్టములో పాత్రలకు వేరుగ సెక్షను లేదు. కేవల భావమునకు రక్షణ లేదని 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు తేల్చెను. కాని మాట, నడత, వేషము కలిసి పాత్ర యొక వ్యక్తిగ రూపొందినచో సంగతి వేరు. 2016లో తెలుగు చిత్రము ‘సర్దార్ గబ్బర్ సింగ్’ తమ పోలీసు పాత్రను వాడుకొన్నదని హిందీ ‘దబంగ్’ నిర్మాతలు బొంబాయి హైకోర్టుకు పోయిరి. ఆలస్యముగ వచ్చిరని కోర్టు విడుదలను ఆపలేదు. అయినను విశిష్టమైన పాత్ర రక్షణార్హమను సూత్రమును అంగీకరించెను.

ఈ పట్టాకు గడువు కలదు: రచయిత గతించిన పిదప 60 సంవత్సరములు. గురజాడవారు 1915లో గతించిరి. గిరీశము నేడు అందరివాడు. మొక్కపాటి నరసింహశాస్త్రిగారు 1973లో గతించిరి. కనుక పార్వతీశము 2033 చివరి వరకు హక్కుదారులవాడే.

కావున నాయనలారా, ముందు హక్కుదారులకు ఉత్తరము వ్రాయుడు. సమ్మతి వచ్చినచో అచ్చువేయుడు. రానిచో గిరీశమునే పాతబస్తీకి కొనిపొండు. పరుల చేని పంటతో మన బీరువా నింపవలదు. రేపు మీలో నొకడు పాత్రను సృష్టించినపుడు ఈ గట్టే వానికిని కావలి యగును.