యాభై - నలభై అయిదు: టైటాన్స్ ఓటమి గురించి నాలుగు మాటలు

పలాస నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ ఇంకా ముందే రావాల్సింది. ఎందుకు ఆలస్యమైందో మధ్యలో చెప్తాను. ముందు ఆట సంగతి చూద్దాం.

2025 అక్టోబర్ 29, ఢిల్లీ. ప్రో కబడ్డీ పన్నెండో సీజన్, రెండో క్వాలిఫయర్. మన తెలుగు టైటాన్స్ ఒకవైపు, పుణేరి పల్టన్ ఇంకోవైపు. గెలిస్తే ఫైనల్. పన్నెండు సీజన్లలో టైటాన్స్ ఒక్కసారి కూడా ఫైనల్ మెట్టు ఎక్కలేదు. ఆ రోజూ ఎక్కలేదు. 50-45తో ఓడిపోయాం.

అంతకు ముందురోజు రాత్రే మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మన ఉద్దానం వాళ్ళకి తుఫాను అంటే ఎలాగుంటుందో మీకు తెలుసు. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టిపోయిన దగ్గర్నుంచి, గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ముందు చెట్ల వైపే చూస్తాం. ఆ వానలో, కరెంటు ఉంటుందో పోతుందో తెలీకుండా, ఫోన్లు నిండా ఛార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాం. మా బావయితే చెన్నైలో పని దిగి, రూములో ఫోన్‌లో చూస్తూ నాకు నిమిషానికో మెసేజ్ పెట్టాడు.

మొదట్లో మనవాళ్ళదే జోరు. "ఈసారి అయిపోయిందిరా, ఫైనలే" అని బావ మెసేజ్. నేను జవాబివ్వలేదు. టైటాన్స్‌ని ఇన్నేళ్ళు చూసినవాడెవడూ అంత తొందరగా నోరు తెరవడు.

తర్వాత ఏటైందంటే, పుణె మెల్లగా పుంజుకుంది. భరత్ హుడా మనకి 23 పాయింట్లు తెచ్చాడు. ఒక్కడే! అయినా ఓడాం. అవతల ఆదిత్య షిండే 22 తెచ్చాడు. ఇక్కడే ఉంది అసలు లెక్క. నలభై అయిదు పాయింట్లు కొట్టిన జట్టు చాలా మ్యాచ్‌లు గెలుస్తుంది. అంత కొట్టీ ఓడిందంటే కూతకెళ్ళినోళ్ళ తప్పు కాదు, పట్టాల్సిన చోట పట్టు దొరకలేదు. కబడ్డీలో ఆధిక్యం జీడిపప్పు కాదండీ, డబ్బాలో పోసి మూత పెట్టి దాచుకోడానికి. ఏడుగురూ ఔటైతే ఆలౌట్, అవతలివాళ్ళకి అదనంగా రెండు పాయింట్లు. రెండు మూడు నిమిషాల్లో ఆట తిరగబడిపోతుంది.

ఈ ఓటమి ఎందుకింత నొప్పి పెట్టిందో చెప్తాను. 8, 9, 10 సీజన్లు గుర్తున్నాయా? మూడు సీజన్లలో 66 మ్యాచ్‌లు ఆడి గెలిచింది అయిదు! పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలు దాటించి కొన్నారు, అయినా గెలిచింది రెండే. అప్పుడు మాకు పెద్ద బాధ లేదు. ఓడిపోతారని తెలిసే చూసేవాళ్ళం, నవ్వుకునేవాళ్ళం. ఈసారి అలా కాదు. విజయ్ మలిక్ కెప్టెన్సీలో బెంగళూరుని కొట్టారు. 2015 సెమీఫైనల్లో ఒక్క పాయింటుతో, 39-38తో మనల్ని ఇంటికి పంపిన బెంగళూరుని! ఆపైన వరసగా గెలుచుకొస్తున్న పట్నాని 46-39తో ఆపారు. ఆశ పుట్టింది. ఆశ పుట్టాక వచ్చే ఓటమే గుచ్చుకుంటుంది.

ఒకాయన నన్నడిగాడు: "భరత్‌ది హర్యానా, విజయ్‌ది హర్యానా, మనోళ్ళెవరున్నారని నీకంత బాధ?" మంచి ప్రశ్నే. మన ఊళ్ళల్లో కుర్రోళ్ళు పండక్కి ఇసకలో చెడుగుడు ఆడుతూనే ఉన్నారు. వాళ్ళకో మ్యాట్, ఒక కోచ్ ఉంటే ఆ జట్టులో మనోడూ ఉండేవాడేమో. ఆ బాధ నిజమే. కానీ జెర్సీ మీద తెలుగు అని ఉంది చూడండి, చెన్నై రూములో ఉన్న బావకీ వానలో ఉన్న నాకూ ఒకేసారి గుండె దడదడలాడించింది అదే.

ఇక ఆలస్యం సంగతి. ఈ ఎపిసోడ్ నవంబర్ 1, శనివారం రికార్డు చేద్దామనుకున్నాను. ఆ పొద్దున్నే మన కాశీబుగ్గ వెంకటేశ్వరస్వామి గుడిలో, ఏకాదశి నాడు, తొక్కిసలాట. తొమ్మిది మంది పోయారు. దీపం పెట్టుకుందామని వెళ్ళినోళ్ళు. ఆ రోజు మైకు ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ వారమంతా కబడ్డీ అనే మాటే ఎవరూ ఎత్తలేదు.

అలాంటిది జరిగాక ఆట గురించి మాట్లాడ్డం ఏటి అని మీరనొచ్చు. నేనూ అదే ఆలోచించాను. నాకు తోచింది ఇది. కబడ్డీలో ఔటైనవాడు గీత బయట కూర్చుంటాడు. మనవాళ్ళొక పాయింటు తెస్తే లేచి లోపలికొస్తాడు. ఊళ్ళో పోయిన మనిషి అలా తిరిగి రాడు. ఈ తేడా తెలిసినవాడికి ఆట మీద కోపం ఎక్కువసేపు నిలవదు. అలాగని ఆట అక్కర్లేదని కాదు. మళ్ళీ లేచి వచ్చే అవకాశం ఉన్న చోటు ఒకటి మనిషికి ఉండాలి. మొన్న బావ మళ్ళీ మెసేజ్ పెట్టాడు: "వచ్చే సీజన్‌కి డిఫెండర్ల మీద డబ్బులు పెట్టమనరా!" చాన్నాళ్ళకి నవ్వొచ్చింది.

మరి మీరేమంటారు? పట్టులో లోపం ఎక్కడుందంటారు? మీ ఊరి పేరు కూడా రాసి కింద చెప్పండి. టెక్కలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఎక్కడి నుంచి చూస్తున్నా సరే. ఉంటానండీ, జాగ్రత్త.