పడవ దీపమునకు బ్యాటరీ లెక్క

బందరు చెంత గిలకలదిండి నుండి, దివిసీమలో నాగాయలంక వైపు నుండి చిన్న పడవలు చీకటితోనే వేటకు బయలుదేరును. ఒకప్పుడు వానిపై హరికేన్ లాంతరు వెలుగుచుండెడిది. నేడు పెక్కింటిపై బ్యాటరీ దీపము వచ్చినది. అది గాలికి ఆరదు, కిరసనాయిలు అడుగదు. అయితే లాంతరులో నూనె ఎంత మిగిలినదో కంటికి కనబడును. బ్యాటరీలో మిగిలినది కనబడదు. దానిని లెక్కతోనే తెలిసికొనవలెను.

ఆ లెక్క కష్టమైనది కాదు. దీపముపై వ్రాసిన వాట్లను బ్యాటరీ వోల్టులతో భాగించినచో అది లాగు ఆంపియర్లు వచ్చును. వానిని వెలుగు గంటలతో గుణించినచో రాత్రి ఖర్చు తేలును. 12 వోల్టుల బ్యాటరీతో 12 గంటలు వెలిగించినప్పుడు వాట్ల సంఖ్యయే ఖర్చు సంఖ్య యగును. 60 ఆంపియర్-గంటల బ్యాటరీ ఉన్నదనుకొందము. పాత తీగె బల్బులు అన్నియు కలిసి 55 వాట్లు అయినచో తెల్లవారుసరికి బ్యాటరీ ఇంచుమించు వట్టిపోవును. 21 వాట్ల ఎల్.ఇ.డి. దీపములతో అదే పని నెరవేరినచో ఖర్చు బ్యాటరీలో ఇంచుమించు మూడవవంతు మాత్రమే. సీసపు బ్యాటరీలో సగమునకు మించి వాడుకొనకుండుట మేలు. తరచు అడుగంట తోడినచో అది త్వరగా చెడును.

పడవ వెనుక తగిలించు చిన్న ఇంజన్లలో త్రాటితో లాగి నడుపునవి అనేకము. అట్టివానిలో బ్యాటరీని తిరిగి నింపు ఏర్పాటు సాధారణముగా ఉండదు. ఒడ్డున నింపుకొని పోయినదే ఆ రాత్రికి ఆధారము. ఇంజను బ్యాటరీతోనే కదలునదైనచో దీపములకు వేరొక బ్యాటరీ ఉంచుకొనవలెను. లేనిచో దీపము తిన్నందుకు ఇంజను పస్తుండును.

ఉప్పుగాలికి తీగెల అతుకులు పచ్చబడి విద్యుత్తును అడ్డగించును. కావున అతుకులు తక్కువగా, తడి తగులకుండ ఉండవలెను. బ్యాటరీ చెంతనే ఫ్యూజు అమర్చవలెను. బ్యాటరీ నింపునప్పుడు మండెడి వాయువు వెలువడును. దాని దగ్గర బీడీ వెలిగించరాదు.

బ్యాటరీ సన్నగిలినప్పుడు ముందు ఏ దీపము ఆర్పవలెను? వల చూచుకొను దీపము మన కొరకు. పైనున్న తెల్ల దీపము ఎదుటివాని కొరకు. 1972 నాటి అంతర్జాతీయ నియమముల ప్రకారము, 12 మీటర్లకు తక్కువైన మరపడవ నడుచునప్పుడు చుట్టును కనబడు తెల్ల దీపమును, ఎడమవైపున ఎరుపును, కుడివైపున ఆకుపచ్చను చూపినచో చాలును. వల దింపి వేట సాగించునప్పటి దీపములు వేరు. పెద్ద ఓడకు చీకటిలోని చిన్న పడవ కనబడదు. కావున పనిదీపము ఆర్పినను ఈ గుర్తుదీపములను ఆర్పరాదు. చేపలను ఆకర్షించు పెద్ద దీపముల మాట వేరు. వానితో వేటాడుటను కేంద్ర ప్రభుత్వము 2017లో నిషేధించినది.

మన తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలకు వేట విరామము. ఆ దినములలో బ్యాటరీని పడవలో మరచిపోరాదు. ఇంటికి తెచ్చి, నెలకొకమారు నింపి, తీగెలు శుభ్రపరచినచో, వేట మొదలైన తొలిరాత్రి దీపము తెల్లవారువరకు నిలుచును. ఒడ్డున ఎదురుచూచు ఇల్లాలికి అంతకు మించిన ధైర్యమేమున్నది?