ఎనిమిది వారాల ఎదురుచూపు



మీ ఇంట్లో పిల్లలు కుక్కపిల్ల కావాలని మారాం చేస్తున్నారా? ఎక్కడో మంచి జాతి కుక్క పిల్లలు పెట్టబోతోందని విని, ఒక పిల్లకు ముందే చెప్పి ఉంచారా? అయితే కాసేపు నా మాట వినండి. చెప్పి ఉంచిన రోజుకూ, తెచ్చుకునే రోజుకూ మధ్య జరగవలసిన పనులు చాలా ఉన్నాయి.

ఓపిక పట్టలేక మేము పడిన పాటు ముందు చెబుతాను. మూడేళ్ళ క్రితం మా చిన్నవాడి పోరు పడలేక సంతలో ఒక పిల్లను కొన్నాం. "రెండు నెలలదమ్మా" అన్నాడు అమ్మినతను. చూస్తే పళ్ళు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. నెల కూడా నిండలేదని పశువుల డాక్టరుగారు చూడగానే చెప్పారు. వారం తిరక్కముందే వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అనే జబ్బు. సెలైను ఎక్కించినా మూడో రోజుకు పోయింది. మావాడు ఆ పూట అన్నం తినలేదు. అమ్మినతణ్ణి తిట్టుకుని ఏం లాభం? పళ్ళు చూసి కూడా కొన్నది నేనే కదా!

తరువాత ఒక బంధువు రాజపాళయంలో కుక్కలు పెంచే ఒక పెద్దాయన సంగతి చెప్పారు. తమిళనాట విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉన్న ఊరది. విజయనగర కాలంనుంచి అక్కడికి వలస వెళ్ళి స్థిరపడిన రాజుల కుటుంబాలలో ఈనాటికీ ఇంటిమాట తెలుగే. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారిది ఆ ఊరే. ఊరి పేరే అక్కడి వేటకుక్కకూ వచ్చింది. తెల్లని ఒళ్ళు, గులాబీరంగు ముక్కు, పొడుగాటి కాళ్ళు. 2005లో తపాలా శాఖ నాలుగు దేశవాళీ జాతుల కుక్కలమీద బిళ్ళలు వేసినప్పుడు వాటిలో ఇదీ ఒకటి.

నేను ఫోనులో తమిళంలో మొదలుపెట్టాను. రెండు మాటలు వినగానే ఆయన "తెలుగువారా మీరు?" అని మన మాటలోకి దిగారు. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. ఇంటికి ప్రహరీ ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇదివరకటి కుక్క ఎట్లా పోయింది? ఉన్నది చెప్పాను. "అయితే టీచరమ్మా, ఇప్పుడు మీకు పిల్లనివ్వను. ఏడాది పోనీయండి" అన్నారు. నిజం చెప్పాలంటే నాకు ఒళ్ళు మండింది. డబ్బిచ్చి కొనుక్కునేవాళ్ళం, ఈయనకింత బెట్టు ఏమిటనుకున్నాను.

డాక్టరుగారిని అడిగితే అసలు సంగతి తెలిసింది. పార్వో క్రిమి నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా బతికి ఉంటుందట. మనం వాడే ఫినాయిలు దానికి చాలదు. సిమెంటు నేలనైతే శుభ్రంగా కడిగి, బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళు పోసి పది నిమిషాలు నాననివ్వాలి. మట్టినేలకు ఎండా, కాలమే మందు. మీ పెరట్లో ఆ జబ్బుతో పిల్ల పోయి ఉంటే, వెంటనే ఇంకొకదాన్ని తేకండి.

ఏడాది గడిచింది. రాజుగారి కుక్క చూలు కట్టింది. కుక్క మోసేది రమారమి 63 రోజులు. పుట్టిన పిల్ల కళ్ళు తెరవడానికి పది పధ్నాలుగు రోజులు, చెవులు తెరుచుకోవడానికి ఇంకొన్నాళ్ళు. మొదటిరోజు తాగే ముర్రుపాలతోనే జబ్బులను తట్టుకునే శక్తి చాలావరకు వస్తుంది. మూడో వారం దాటాక అసలు చదువు మొదలవుతుంది. తోడబుట్టినదాన్ని గట్టిగా కొరికితే అది కీచుమని ఆట మానేస్తుంది. తల్లిని కొరికితే గుర్రుమంటుంది. పన్ను ఎంతవరకు ఆనించవచ్చో అక్కడే నేర్చుకోవాలి. ముందే తెస్తే ఆ పాఠం మీ పిల్లల చేతులమీద నేర్చుకుంటుంది! ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017లో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనలు కూడా చెబుతున్నాయి. నెలకే తీసుకుపొమ్మనేవారి దగ్గర కొనకండి.

ఆరో వారంలో రాజుగారు ఫోను చేశారు. "మీకనుకున్న పిల్లకు వినబడటం లేదు టీచరమ్మా. బయానా వెనక్కి పంపిస్తాను, లేకుంటే మళ్ళీ ఈతదాకా ఆగండి" అన్నారు. ఒళ్ళంతా తెల్లగా ఉండే కుక్కల్లో కొన్నింటికి ఈ పుట్టుచెవుడు ఉంటుంది. రంగునిచ్చే కణాలు లోపలి చెవికీ కావాలి. అవి లేకపోతే వినికిడి పోతుంది. మీరు తెల్లపిల్లను తెచ్చుకునేముందు దాన్ని తోడుపిల్లలనుంచి వేరుచేసి, వెనకనుంచి, కంటపడకుండా పళ్ళెంమీద గరిటెతో కొట్టి చూడండి. వేరుచేయడం ఎందుకంటే, మిగతావి తల తిప్పితే చెవిటిదీ తిప్పుతుంది. ఒక చెవి మాత్రమే వినబడకపోతే ఈ పరీక్షకు దొరకదు.

అప్పటికే మావాడు ఆ పిల్లకు పేరు పెట్టేశాడు. మా ఇంటాయన వద్దన్నారు. రోడ్డుమీదికి పోతే వెనకొచ్చే లారీ వినబడదన్నారు. అదీ నిజమే. రెండు రోజులు తర్జనభర్జన పడ్డాం. రాజుగారినే అడిగితే, చేతిసైగలతో నేర్పాలనీ, గొలుసు లేకుండా వీధిలోకి వదలకూడదనీ, నిద్రలో ఉంటే ముట్టుకుని లేపకుండా ముక్కు దగ్గర చెయ్యి పెట్టాలనీ చెప్పారు. మా ఇంటాయన ఏమీ అనకుండా వెళ్ళి గేటుకు గడియ బిగించే మనిషిని పిలుచుకొచ్చారు.

తొమ్మిదో వారంలో, మొదటి టీకా వేయించాక, తెచ్చుకున్నాం. మిగతా టీకాలు పదహారు వారాలు నిండేదాకా విడతలుగా వేయించాం. సాయంత్రం దాన్ని లోపలికి పిలవాలంటే మావాడు వసారా దీపం రెండుసార్లు వేసి ఆర్పుతాడు. పెరట్లో ఏ మూలనున్నా ఉరుక్కుంటూ వస్తుంది. కరెంటు పోయిన రోజు మాత్రం టార్చిలైటు పట్టుకుని మేమే వెతుక్కోవాలి.