రక్షణశాఖలో సహాయమంత్రి

పంచాయతీ సభ్యులారా!

మేము గ్రామములలో పర్యటించుచుండగా మరణించిన సైనికుని భార్య యొకామె మమ్ములను ఇట్లడిగినది: "రక్షణమంత్రిగారి కింద ఇంకో మంత్రిగారున్నారటగా బాబూ! నా పింఛను అర్జీ ఆయనకు పంపమంటారా?" ఈ ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానమే నేటి మా ప్రసంగము.

సర్పంచ్ లేనప్పుడు ఆ బాధ్యతలను ఉపసర్పంచ్ వహించునని మీ రెరుగుదురు. రక్షణశాఖలోని సహాయమంత్రి స్థానము అట్టిది కాదు. 1962లో చైనా యుద్ధ సమయమున కృష్ణమీనన్ గారు రక్షణశాఖను వీడినపుడు ప్రధాని నెహ్రూగారే దానిని చేపట్టిరి. నవంబరులో వై.బి. చవాన్ గారికి అప్పగించిరి. శాఖలోని క్రింది మంత్రులకు ఆ పీఠము తమంత తాముగా సంక్రమింపలేదు. ఆ కాలమున రక్షణశాఖలో అట్లు పనిచేసిన మంత్రులలో గుంటూరు లోక్‌సభ సభ్యులు కొత్త రఘురామయ్యగారు ఒకరు.

మరి సహాయమంత్రి చేయు పనియేమి? శాఖలో తమకు అప్పగించిన విషయములను పరిశీలించి నిర్ణయించుట, ముఖ్యమైన వానిని రక్షణమంత్రి దృష్టికి తెచ్చుట, పార్లమెంటులో సభ్యులడుగు ప్రశ్నలకు శాఖ పక్షమున సమాధానము చెప్పుట. సరిహద్దున దళములను నడుపుట వారి పని కాదు. అది సేనాధిపతుల పని. సర్వసేనాధిపత్యమును రాజ్యాంగము రాష్ట్రపతియందు ఉంచినది. మంత్రివర్గము లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించును. తుపాకి పట్టినవారు ప్రజలెన్నుకొన్న వారికి లోబడియుండుటయే ఈ ఏర్పాటులోని సారము.

ఇక ఆ ఇల్లాలి అర్జీ సంగతి. మంత్రికి వ్రాయుట తప్పు కాదు. కాని ఆ అర్జీ అనేక కార్యాలయములు తిరిగి, తుదకు ఆ సైనికుని దళమునకు చెందిన రికార్డు కార్యాలయమునకే చేరును. కావున మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు పోవుట మేలు. సైనికుని నంబరు, హోదా, దళము పేరు, పింఛను ఉత్తరువు, మరణ ధ్రువపత్రము వెంట నుండవలెను.

సభ్యులారా! మన గ్రామమున జరిగిన మరణమునకు ఆ ధ్రువపత్రము పుట్టునది మన పంచాయతీ కార్యాలయముననే. సైనిక రికార్డులో ఒక పేరు, మన పుస్తకములో మరియొక పేరు ఉన్నచో పింఛను నెలల తరబడి నిలిచిపోవచ్చును. తన భర్త ఇంటిపేరులో ఒక్క అక్షరము తప్పుపడినందున తిరిగి తిరిగి అలసితినని ఆమె చెప్పినది. ఆ తప్పు ఢిల్లీలో జరిగినది కాదు.

మీ గ్రామమున సైన్యములో పనిచేసినవారి, పనిచేయుచున్నవారి కుటుంబములెన్నియో ఒక జాబితా వ్రాసికొనుడు. వారి కాగితములలోని పేర్లు, తేదీలు సరిపోవుచున్నవో లేదో ఇప్పుడే చూడుడు. పార్లమెంటులో సహాయమంత్రి సమాధానము చెప్పవలసియున్నట్లే, ఆ కుటుంబములకు మనము సమాధానము చెప్పవలసియున్నది.